మోరంచ వాగు నుంచి జంపన్న వాగు దాకా మందుల పెట్టెలతో

2023 జూలై 31, సోమవారం, హనుమకొండ

నాలుగు రోజుల కిందటి వాన గురించి ఈ జిల్లాల వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. 27వ తేదీ ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో ఏడాది పొడుగునా సగటున కురిసేదే 900 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుందంటే, ఆ ఒక్క రోజు ఎంత కుమ్మరించిందో ఊహించుకోవచ్చు. అదే రోజు తెల్లవారకముందే మోరంచ వాగు భూపాలపల్లి మండలంలోని మోరంచపల్లిని ముంచెత్తింది. డాబాల మీదికీ చెట్ల మీదికీ ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న వాళ్ళ కోసం సైనిక హెలికాప్టర్లు, పడవలు రావలసి వచ్చింది. నలుగురు వాగులో కొట్టుకుపోయారు. ఏటూరునాగారం మండలం కొండాయిని జంపన్న వాగు ముంచింది. అక్కడ ఎనిమిది మంది చనిపోయారు. హనుమకొండలో హంటర్ రోడ్డు పక్క కాలనీల్లో పడవలు తిరిగాయి. మా దుకాణంలోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చి కింది అరల్లో ఉన్న సిరప్పులు పాడయ్యాయి. ఆ ఊళ్ళు పోగొట్టుకున్నదాని ముందు దాన్ని నష్టమని చెప్పుకోవడానికి నోరు రాదు.

నేను డాక్టరును కాను. ఇరవై రెండేళ్ళుగా మందుల దుకాణంలో బల్ల వెనక నిలబడే ఫార్మసిస్టును. మా వీధిలో ఉండే పెద్ద డాక్టరు గారు, పిల్లల వైద్యురాలైన ఒక మేడం, ఇద్దరు స్టాఫ్ నర్సులు, ఒక ల్యాబ్ టెక్నీషియన్, డిగ్రీ చదివే ఒక కుర్రవాడు, డ్రైవరు, నేను కలిపి ఎనిమిది మందిమి మోరంచపల్లికీ కొండాయికీ వెళ్ళి ఉచితంగా వైద్యం చేసి రావాలని నిర్ణయించుకున్నాము. మందులు సమకూర్చి, సర్ది, పంచే పని నాది.

వరద అనగానే నా బుర్రలో మెదిలినవి వాంతులు, విరేచనాలు, జ్వరాలు. అందుకే పదకొండు అట్టపెట్టెల్లో నాలుగు పెట్టెల నిండా ఓఆర్ఎస్ పొట్లాలు, జింకు మాత్రలు, సెలైన్ సీసాలు, మెట్రోనిడజోల్ పెట్టాను. మిగతా వాటిలో పారాసెటమాల్, యాంటీబయాటిక్కులు, దగ్గు మందులు, కట్టు గుడ్డలు సర్దాను. పెద్ద నర్సు అంతా చూసి, "బీపీ, షుగర్ గోళీలు పెట్టలేదేం సార్?" అని అడిగింది. అవి ఎవరి దగ్గర వాళ్ళకు ఉంటాయి కదా అనుకుంటూనే, ఆమె మాట తీసెయ్యలేక ఒక చిన్న డబ్బాలో నాలుగైదు రకాలు వేశాను. ఈ ప్రయాణంలో నేను చేసిన పెద్ద పొరపాటు అదే.

విరాళంగా వచ్చిన పెట్టెల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఒకరు పంపిన రెండు పెట్టెలు విప్పి చూస్తే అన్నీ కంపెనీలు డాక్టర్లకిచ్చే నమూనా మందులే. గ్యాస్ మాత్రలే తొమ్మిది రకాల పేర్లతో ఉన్నాయి, సగానికి పైగా ఆగస్టుతో గడువు తీరిపోయేవి. నిండా మునిగిన వాళ్ళకు ఏదిచ్చినా పుణ్యమే అనుకునే వాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ఆ రెండు పెట్టెలనూ ఇంట్లోనే వదిలేశాను.

ఆగస్టు 1, మంగళవారం, మోరంచపల్లి

పరకాల మీదుగా వెళ్ళాము. దారి పొడుగునా పత్తి చేలల్లో ఇసుక మేటలు వేసి ఉంది. కొన్నిచోట్ల మొక్క కొసలు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. ఊళ్ళోకి అడుగుపెట్టగానే ముందు తగిలింది వాసన. చచ్చిన పశువులను పూడ్చి సున్నం చల్లినా గాలి ఇంకా తేటపడలేదు. ఇళ్ళ ముందు గోడల వెంట బియ్యం బస్తాలు, పరుపులు, బీరువాలు, పిల్లల పుస్తకాలు ఒకే బురద రంగులో కుప్పలు పడి ఉన్నాయి. ప్రతి గోడ మీదా గీత గీసినట్టు ఒకే ఎత్తున నీటి మరక ఉంది. నేను నిలబడితే అది నా తలకంటే పైన ఉంది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వాళ్ళు అప్పటికే అక్కడ శిబిరం నడుపుతున్నారు. ముందు రోజే జిల్లా వైద్య అధికారులకు చెప్పి ఉంచడం వల్ల వాళ్ళ పక్కనే మాకూ రెండు బల్లలు వేశారు. స్థానిక డాక్టరు గారు ఒకటే కోరారు: తాము రాసిన మందునే మేము ఇంకో పేరుతో ఇవ్వకూడదు, అడిగిన వాళ్ళకల్లా సూది వెయ్యకూడదు. మొదటిది నా చేతిలో పని కాబట్టి ఒప్పుకున్నాను. రెండోది మాత్రం నర్సులకు రోజంతా పరీక్షే అయింది. "సూదెయ్యవా బిడ్డా? సూదేస్తెనే నొప్పులు పోతయి" అని పెద్దవాళ్ళు చెయ్యి చాపి కూర్చున్నప్పుడు కాదనడం మాటలు కాదు.

విరేచనాల వాళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. వాళ్ళు రాలేదు. మా రిజిస్టరు రెండు వందల పేర్లు దాటినా అలాంటివాళ్ళు పది మంది కూడా లేరు. ట్యాంకర్ల నీళ్ళు, క్లోరిన్ బిళ్ళలు ముందే అంది ఉండడం వల్ల కావచ్చు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చెప్పిన మాట ఒకటే: గోళీల సంచి పోయింది.

అర్ధరాత్రి ఇంట్లోకి నీళ్ళు వస్తే ఎవరైనా పిల్లలను ఎత్తుకుంటారు, ముసలివాళ్ళను లాగుతారు, అందితే పట్టా పుస్తకాలు తీసుకుంటారు. మేకుకు తగిలించిన గోళీల సంచి ఎవరికీ గుర్తు రాదు. దానితో పాటే డాక్టరు రాసిన చీటీ, రక్తపరీక్ష కాగితాలు, ఆస్పత్రి పుస్తకం అన్నీ పోయాయి. ఆరు రోజులుగా బీపీ మాత్ర వేసుకోని వాళ్ళు అక్కడ వరుసలో నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరికీ పట్టీ చుట్టి చూస్తున్న నర్సు అంకెలు చెబుతుంటే పెద్ద డాక్టరు గారు కలం పక్కన పెట్టి ఒకసారి నా డబ్బా వైపు చూశారు.

డెబ్బై దాటిన ఒక అవ్వ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. పేరు తెలియని మందును నా దగ్గర ఉన్నవాటిలో వెతకాలి.

"ఏ గోళీలు వేసుకుంటావు అవ్వా?"

"పొద్దుగాల తెల్లది, మాపటికి పచ్చది ఏస్కుంటుంటి బిడ్డా. సంచి సంచే కొట్కపాయె."

తెల్ల కాగితం పరిచి, ప్రతి రకం నుంచి ఒక్కో పట్టీ దాని మీద పెట్టాను. ఆమె ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, కంటి దగ్గర పెట్టుకుని తిప్పి చూసింది. "గది గాదు. గింత సన్నగుంటది, నడుమ గీత ఉంటది." నడుమ గీత ఉన్న సన్నటి తెల్ల మాత్రలు మా దుకాణంలో వందల రకాలు ఉంటాయి. అదే మందు ఒక కంపెనీ తెల్లగా చేస్తే ఇంకొకటి గులాబీ రంగులో చేస్తుంది. చివరికి ఆమె కొంగు ముడి విప్పి ఒక రేకు ముక్క తీసింది. ఆ రోజు చీకట్లో చేతికి దొరికింది అదొక్కటేనట. రేకు మీద బురద ఎండిపోయి ఉంది, గుంతల్లో మాత్రలు కరిగి పిండిలా మారాయి. తడి గుడ్డతో మెల్లగా తుడిస్తే చివరి అక్షరాలు మూడు కనిపించాయి. అది షుగర్ మాత్రల్లో గ్లిమెపిరైడ్ అని తేలింది. కడుపులో అన్నం లేనప్పుడు వేసుకుంటే షుగర్‌ను మరీ కిందికి దించేసే రకం అది.

నాకు సంతోషం కలిగింది, ఇచ్చేద్దామని చెయ్యి చాపాను. డాక్టరు గారు ఆపారు. ఆమె ఆ పూట ఏం తిన్నదో అడిగారు. పంపిణీ వాహనం వచ్చినప్పుడు తింటున్నానని చెప్పింది, నిన్న అది మూడు గంటలకు వచ్చిందట. వేలి కొన నుంచి చుక్క రక్తం తీసి షుగర్ చూసి, ఆ మాత్ర ఇప్పుడు వద్దని చెప్పి, తిండి వేళలు కుదుటపడే దాకా, షుగర్‌ను అంతగా కిందికి దించని మెట్‌ఫార్మిన్ ఒక్కటే రాశారు. నాకు చీటీ కనిపిస్తే మందు ఇవ్వడం అలవాటు. ఆ చీటీ రాసిన నాటి మనిషి, ఇవాళ నా ఎదురుగా ఉన్న మనిషి ఒకరేనా అని చూడడం నాకు అలవాటు లేదు.

మధ్యాహ్నం ఆశ కార్యకర్త వచ్చింది. అప్పటిదాకా ఆమె తన ఇంట్లోని బురదే ఎత్తి పోసుకుంటోందని తర్వాత తెలిసింది. నేను ఇంకొకరిని మాత్ర రంగు అడుగుతూ ఉండగా కాసేపు విని, చేతిలోని పాలిథిన్ కవరు విప్పి ఒక పొడుగాటి పుస్తకం బల్ల మీద పెట్టింది. ఊళ్ళో బీపీ, షుగర్ ఉన్న ప్రతి మనిషి పేరు, ఏ నెలలో ఏ మాత్ర ఎన్ని ఇచ్చిందీ అందులో వరుసగా రాసి ఉంది. ఆ రాత్రి డాబా ఎక్కేటప్పుడు దాన్ని కవరులో చుట్టి నడుముకు కట్టుకుందట. "నన్నడిగితె చెప్పకపోదునా సార్, అందరియి ఇందుల రాసున్నయి" అంది. పొద్దున్నుంచి మూడు గంటల సేపు నేను రంగుల పంచాంగం చదువుతూ కూర్చున్నాను. ఆమె ఇల్లు మా బల్లకు యాభై అడుగుల దూరంలో ఉంది. ఊళ్ళోకి వచ్చిన వెంటనే ఆశ ఎవరని అడగాలన్న ఆలోచన మా ఎనిమిది మందిలో ఒక్కరికీ రాలేదు.

మూడింటికి నా చిన్న డబ్బా ఖాళీ అయింది. డ్రైవరును తీసుకుని భూపాలపల్లి వెళ్ళి, రెండు దుకాణాల్లో ఉన్న ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ మొత్తం కొనుక్కొచ్చాను. సెలైన్ సీసాల పెట్టె తాడు కూడా విప్పలేదు.

ఆగస్టు 2, బుధవారం, మోరంచపల్లి, ములుగు దారి

పొద్దున అంతా కాళ్ళతోనే సరిపోయింది. వారం రోజులుగా బురదలోనే నిలబడి ఇళ్ళు కడుక్కుంటున్న ఆడవాళ్ళ కాలి వేళ్ళ సందులు తెల్లగా నాని, ఒరిసి, నెత్తురు చిమ్ముతున్నాయి. మందు పూయడానికి ముందు మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో అద్ది, ఆరేదాకా ఆగాలి. ఆ ఆగడమే కష్టం. ఒక్కొక్కరినీ పది నిమిషాలు ఎత్తు పీట మీద కూర్చోబెట్టడానికి చిన్న నర్సు వాళ్ళతో కబుర్లు మొదలుపెట్టింది. వారం రోజుల్లో కాళ్ళు ఆరబెట్టుకుని కూర్చున్నది ఇప్పుడేనని ఒకామె చెప్పింది. రేకులు, గాజుపెంకులు గుచ్చుకున్న వాళ్ళకు ధనుర్వాతం టీకా ఆరోగ్య కేంద్రం వాళ్ళు వేశారు.

పశువుల కళేబరాలను చేతులతో లాగి పూడ్చిన యువకులు పాతిక మంది దాకా ఉన్నారు. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీళ్ళలో పనిచేసిన వాళ్ళకు పుండ్ల గుండా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం సోకే అవకాశం ఉంటుంది. అందుకని స్థానిక డాక్టరు గారితో మాట్లాడి, వాళ్ళకు డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు ఒక మోతాదు ఇచ్చాము. ఈ మాత్రను అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చునే వేసుకోవాలి. వేసుకున్న వెంటనే పడుకుంటే గొంతు దిగువన ఇరుక్కుని పుండు చేస్తుంది. పని అలసటతో వచ్చి, మాత్ర మింగి, అక్కడే తుంగ చాప మీద వాలబోయిన ఒక కుర్రవాణ్ణి పట్టి లేపవలసి వచ్చింది.

మధ్యాహ్నం తర్వాత బయలుదేరి ములుగు మీదుగా ఏటూరునాగారం దారి పట్టాము. పస్రా దాటాక అడవిలో రోడ్డు అంచులు కోసుకుపోయి, బండి ఒక్కొక్కటిగా వెళ్ళవలసి వచ్చింది. చీకటి పడ్డాక ఏటూరునాగారం చేరి, తెలిసిన ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో తలదాచుకున్నాము.

ఆగస్టు 3, గురువారం, కొండాయి

కొండాయి అంటే మేడారం జాతరకు వెళ్ళే ప్రతి మనిషికీ తెలిసిన పేరు. సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గరికి గోవిందరాజు బయలుదేరి వచ్చేది ఈ ఊరి నుంచే. సమ్మక్క కొడుకు జంపన్న యుద్ధంలో గాయపడి ప్రాణం విడిచిన సంపెంగ వాగే జంపన్న వాగు అయిందని చెప్పుకుంటారు. జాతర నాడు లక్షల మంది మునిగే ఆ వాగు ఈసారి తానే ఊరిమీదికి వచ్చింది. దొడ్ల నుంచి కొండాయికి వెళ్ళే వంతెన కొట్టుకుపోవడంతో పెట్టెలను పడవలో దాటించాలి.

పడవ ఎక్కే ముందు పెట్టెలు తగ్గించుకున్నాము. ఇక్కడ మొదటిసారి నేను ఓఆర్ఎస్ మూడు పెట్టెలు ఒడ్డునే వదిలి, బీపీ, షుగర్ మాత్రలు పాలిథిన్ సంచుల్లో రెండు వరసలు చుట్టి పైన పెట్టాను. మాతో వచ్చిన ఏఎన్ఎం అక్క భుజాన టీకాల పెట్టె ఉంది. అందులో పెట్టే మంచు ముక్కల డబ్బాలను ఆమె వెంటనే పెట్టలేదు. బయట పెట్టి, చెవి దగ్గర ఊపి చూసి, లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించాకే పెట్టింది. ధనుర్వాతం టీకా గడ్డకడితే పనికిరాదు. చల్లగా ఉంచడం అందరికీ తెలుసు, మరీ చల్లబడనివ్వకూడదన్నది మాత్రం ఊరూరూ ఆ పెట్టె మోసిన వాళ్ళకే గుర్తుంటుంది.

ఊళ్ళో మట్టి గోడల ఇళ్ళు చాలా వరకు నేలమట్టమై ఉన్నాయి. గోడ కరిగిపోయి కప్పు దూలాలు నేల మీద కూర్చున్నాయి. టార్పాలిన్ల కింద వంటలు నడుస్తున్నాయి. చనిపోయిన వాళ్ళ గురించి ఇక్కడ ఎవరూ అడగకుండానే చెబుతారు, చెప్పి మళ్ళీ మోకాళ్ళ నొప్పి దగ్గరికి వస్తారు. మొదట్లో అది నాకు వింతగా తోచింది. ఆ రోజు సాయంత్రానికి, నొప్పి చెప్పుకోవడానికి వచ్చారో ఆ మాట చెప్పుకోవడానికి వచ్చారో విడదీయడం మా పని కాదని అర్థమైంది. పెద్ద డాక్టరు గారు ఒక్కొక్కరికి పావుగంట ఇచ్చారు. వరుస పెరిగిపోతోందని డిగ్రీ కుర్రవాడు గుర్తు చేస్తే, పెరగనీ అన్నారు.

ఒక తల్లి ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి తీసుకుని వచ్చింది. వాడికి మూడేళ్ళ వయసు నుంచి మూర్ఛలు. మందు వేసుకుంటున్నప్పుడు ఏడాదిన్నరగా ఒక్కసారి కూడా రాలేదు. వరదలో మందు సీసా పోయాక, ఈ వారంలో రెండుసార్లు వచ్చింది. రెండోసారి వాడు పడింది పొయ్యి పక్కన. మోచేతి మీద బొబ్బ ఉంది. పిల్లల డాక్టరమ్మ మందు పేరు అడిగితే, "తియ్యగుంటది మేడం, ఎర్ర డబ్బ" అని తల్లి చెప్పింది. వయసు, బరువు, రోజుకు ఎన్ని మూతలు పోస్తుందీ అడిగి, ఆస్పత్రికి ఫోను చేయించి, అది వాల్‌ప్రొయేట్ సిరప్ అని తేల్చుకున్నారు. మా పెట్టెల్లో అది లేదు. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో ఇరవై రెండేళ్ళుగా కౌంటరు దగ్గర అందరికీ చెబుతూ వచ్చిన వాణ్ణి నేనే. పెట్టెలు సర్దేటప్పుడు మాత్రం వరదకూ మూర్ఛకూ ఏం సంబంధమనుకున్నాను. తిరుగు పడవలో మనిషిని పంపి ఏటూరునాగారం నుంచి తెప్పించేసరికి పొద్దు వాలింది. మొదటి మోతాదు డాక్టరమ్మ తన చేతితోనే పోసి, అరగంట వాడి పక్కనే కూర్చుంది.

క్షయ మందులు పోగొట్టుకున్న ఒకాయన కూడా వచ్చాడు. అవి ప్రభుత్వ కార్యక్రమం ద్వారానే రావాలి. ఏఎన్ఎం అక్క ఫోను చేసింది, మర్నాడు పొద్దుటి పడవలో వచ్చాయి.

ఇక కవర్ల సంగతి. చదువు రాని వాళ్ళకు ఎప్పుడు వేసుకోవాలో తెలియడానికి కాగితపు కవరు మీద పొద్దుటి మాత్రకు సూర్యుణ్ణి, రాత్రి మాత్రకు చంద్రుణ్ణి గీసి ఇవ్వడం నాకు పాత అలవాటు. ఆ రోజూ అలాగే గీస్తున్నాను. ఒక కోయ ముసలామె కవరు తిప్పి తిప్పి చూసి, తన భాషలో పక్కనున్న మనవరాలితో ఏదో అని నవ్వింది. ఆ పిల్ల తెలుగులో చెప్పింది: "రాత్రి కరెంటు లేదు గద సారూ, నీ సందమామ నాకెట్ల కనబడ్తడు అంటుంది." వారం నుంచి ఊళ్ళో దీపం లేదు. అప్పుడు కత్తెర తీసుకుని, పొద్దుటి కవరుకు ఒక మూల, రాత్రి కవరుకు రెండు మూలలు కోసి ఆమె చేతిలో పెట్టాను. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి, ఇది పొద్దుటిది, ఇది మాపటిది అని సరిగా చెప్పింది. అక్కడి నుంచి అందరికీ మూలలే కోశాను. పట్టీలు కోసేటప్పుడు కూడా గడువు తేదీ ఉన్న కొస చివరిదాకా మిగిలేలా రెండో వైపు నుంచి కోయడం మా వృత్తిలో చిన్న మర్యాద. మాత్రలు పోగొట్టుకున్న ఊళ్ళో నిలబడ్డాక అది మర్యాద మాత్రమే కాదని తెలిసింది.

రాత్రి బడి వరండాలో పడుకున్నాము. పదకొండు దాటాక రేకుల మీద నాలుగు చినుకులు పడ్డాయి. ఆ చప్పుడుకు ఊరు ఊరంతా లేచి నిలబడింది. టార్చిలైట్లు వాగు వైపు తిరిగాయి, పిల్లలను చంకనేసుకుని ఆడవాళ్ళు రోడ్డెక్కారు. చినుకులు ఆగిపోయాక కూడా తెల్లవారే దాకా పెద్దవాళ్ళెవరూ పడుకోలేదు. పొద్దున్నే నిద్రమాత్రలు అడిగిన వాళ్ళకు డాక్టరు గారు ఎందుకు ఇవ్వలేదో నేను వేరే అడగలేదు. వాగు పక్కన పడుకునే మనిషికి మత్తు ఇవ్వలేము.

ఆగస్టు 4, శుక్రవారం, కొండాయి

పొద్దుటి పూట నీళ్ళ సంగతి చూశాము. ఎవరో పంపిన బ్లీచింగ్ పౌడరు సంచి తడిసి గడ్డకట్టి ఉంది, ముక్కు దగ్గర పెట్టినా ఘాటు లేదు. బావిలో చల్లామని చెప్పిన నీళ్ళు ఒక గాజు గొట్టంలో తీసి టెక్నీషియన్ ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే రావలసిన పసుపు రంగు రానే లేదు. క్లోరిన్ చచ్చిపోయిన పొడి అది, సున్నంతో సమానం. దాన్ని పక్కన పెట్టించి, ఇంటింటికీ క్లోరిన్ బిళ్ళలు ఇచ్చాము. అర గ్రాము బిళ్ళ ఒకటి 20 లీటర్ల బిందెకు వేసి అరగంట ఆగి తాగాలి. వాసనకు మొహం చిట్లించిన వాళ్ళ ముందు చిన్న నర్సు ఒక చెంబు ఎత్తి తాగి చూపించింది. అరగంట ఇంకా కాలేదని టెక్నీషియన్ ఆమె చెవిలో గొణగడం నాకు వినిపించింది.

నేల మీద పడుకునే వాళ్ళకు పాముల గురించి చెప్పాము. కట్లపాము కాటు నొప్పి తెలియదు, తెల్లవారి కడుపునొప్పి, కళ్ళు మూతలు పడడం మొదలైతేనే బయటపడుతుంది. అప్పుడు మంత్రం కోసమో మా బోటి శిబిరం కోసమో చూడకుండా పడవ ఎక్కాలి. విరుగుడు మందు మా దగ్గర లేదని, అది ఇచ్చే చోట ఊపిరి అందించే ఏర్పాటు కూడా ఉండాలని డాక్టరు గారు దాచకుండా చెప్పారు. మూర్ఛ పిల్లవాడు ఆ రాత్రి నిద్రపోయాడని తల్లి వచ్చి చెప్పింది.

ఆగస్టు 5, శనివారం

తిరుగు ప్రయాణం. దారిలో మిగిలిన సెలైన్, ఓఆర్ఎస్ పెట్టెలను ఆరోగ్య కేంద్రంలో రసీదు తీసుకుని అప్పగించాము.

ఆగస్టు 19, 20, మళ్ళీ కొండాయి, మోరంచపల్లి

రెండు వారాల తర్వాత వెళ్ళడం ముందే అనుకున్నదే. నిలిచిన నీళ్ళలో దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు, అది కుట్టిన మనిషికి మలేరియా బయటపడడానికి మరో వారం, రెండు వారాలు పడతాయి. వరద వార్తలు పత్రికల్లో లోపలి పేజీలకు వెళ్ళే సమయానికి జ్వరాలు మొదలవుతాయి. మొదట్లో వాహనాలు ఒకదాని వెనక ఒకటి వచ్చిన ఊళ్ళో ఈసారి మా బండి ఒక్కటే ఉంది.

ఈసారి నాలుగే పెట్టెలు. ఒకటి నిండా బీపీ, షుగర్, థైరాయిడ్, మూర్ఛ మందులు. ఒకదానిలో మలేరియా పరీక్ష పట్టీలు. కొండాయిలో జ్వరం ఉన్న ప్రతి మనిషి వేలి నుంచి చుక్క రక్తం తీసి పట్టీ మీద వేసి చూశాము. రెండో గీత వచ్చి మలేరియా అని తేలిన వాళ్ళకు ఆరోగ్య కేంద్రం వాళ్ళ మూడు రోజుల మందు అక్కడికక్కడే మొదలైంది. ఆ మందు పట్టీలు వయసును బట్టి వేరు వేరు రంగుల్లో ఉంటాయి: పసికందులకు గులాబీ, నాలుగేళ్ళ దాకా ఉన్నవాళ్ళకు పసుపు, ఆపైన ఆకుపచ్చ, ఎరుపు, పెద్దవాళ్ళకు తెలుపు. మోరంచపల్లిలో తెల్లదా పచ్చదా అని అడిగి అలసిపోయిన నాకు, ఒక్క మందుకైనా రంగుకు అర్థం ఉండడం చూసి ఈర్ష్య కలిగింది. మూర్ఛ పిల్లవాడు మమ్మల్ని చూసి దూరంగా పరుగెత్తాడు. సూది వేస్తామని భయం. తల్లి దగ్గర సిరప్ సీసాతో పాటు దాని మీది కాగితం విడిగా చింపి దాచిన ముక్క కూడా ఉంది.

మర్నాడు మోరంచపల్లిలో బల్ల వేయకముందే ఆశ కార్యకర్త పుస్తకం తెచ్చి పెట్టింది. కొత్త అట్ట వేయించింది. కొంగు ముడిలో రేకు దాచిన అవ్వ రాలేదు. మోకాళ్ళు పట్టేశాయని తెలిసి డాక్టరు గారూ నేనూ ఆమె ఇంటికి వెళ్ళాము. గోడలు కడిగినా నీటి మరక పోలేదు. పంపిణీ వాహనాలు ఆగిపోయాయి, ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, వేళకు తింటోంది. డాక్టరు గారు షుగర్ చూసి, పాత మాత్ర మళ్ళీ మొదలుపెట్టవచ్చన్నారు. అలవాటు కొద్దీ నేను మాత్రలు తీసి చూపించబోయాను.

"ఈసారి రంగు అడుగకు బిడ్డా" అని ఆమె పైకి చూపించింది. అయిపోయిన మాత్రల రేకులు, మూల కోసిన కవర్లు ఒక దారానికి గుచ్చి, కప్పు కింది దూలానికి కట్టి ఉన్నాయి. నీటి మరక వాటికి మూరెడు కింద ఉంది. మనవడు కుర్చీ ఎక్కి ఆ దారం విప్పి నా చేతికిచ్చాడు.